పట్టు

పట్టుగూళ్లు ఉడికే తొట్టి ముందు దారం తీస్తూ తీస్తూ కళ్లు తిరిగి తూలిపోయింది పుల్ల.

అసలు పేరు వేరే ఉంది. గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుందని కార్ఖానాలో అందరూ పుల్ల అనే పిలుస్తారు.

పక్క తొట్టి ఆవిడ రెక్క పట్టుకుని లాగకపోతే మొహం మరిగే నీళ్లలో పడేదే.

"ఇలా అవడం మొదటిసారి కాదు," అన్నాడు మేస్త్రీ. "ఇంకోసారి పడితే ఇంటికి పంపేస్తాను. పీనుగుని మొయ్యడం నా వల్ల కాదు తల్లీ."

పుల్లని తీసుకెళ్లి కార్ఖానా వంటసాలలో కూర్చోబెట్టారు.

అక్కడ ఓ పెద్దావిడ గరిటె తిప్పుతోంది. ఈమధ్యే పనిలో చేరింది. ఎక్కడిదానివని అడిగితే, "పొయ్యి ఉన్నచోటల్లా నా ఊరే" అంటుంది.

"పొద్దున ఏం తిన్నావే?"

"టీ తాగాను."

"రాత్రి?"

"పిల్లలకి పెట్టగా మిగిలింది."

"అంటే గిన్నె గీకిన చప్పుడు తిన్నావన్నమాట."

పుల్లకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగకముందే ఒళ్లో పళ్లెం వాలింది. అందులో ఎర్రగా వేగి నిగనిగలాడుతున్నాయి, వేలి కణుపంత ముక్కలు.

"ఏంటివి?"

"మీ తొట్టి అడుగున మిగిలేవే. దారం మీరు తీస్తారు, లోపలి పురుగుని కోళ్లకి పోస్తారు. కోళ్లు చూస్తే గుండ్రాళ్లు, మీరు చూస్తే ఈనెపుల్లలు."

"ఛీ, పురుగులా!"

"ఆకు తప్ప ఇంకోటి ఎరగని పురుగు. మాంసంలో ఉన్న బలం ఇందులోనూ ఉంది. ముందు ఒక్కటే తిను. ఒంటికి పడుతుందో లేదో చూడాలి."

పుల్ల కళ్లు మూసుకుని నోట్లో వేసుకుంది.

పైన కరకర. లోపల వేయించిన పల్లీలా కమ్మగా ఉంది.

"ఇంకోటి పెట్టు పెద్దమ్మా."

"రేపు."

మర్నాటికి దద్దురూ రాలేదు, దురదా రాలేదు. ఆ రోజు పిడికెడు పెట్టింది. ఆ పైరోజు పళ్లెం నిండా.

మొదట్లో ఆడవాళ్లంతా ముక్కు మూసుకున్నారు. పురుగుల పెద్దమ్మ అని పేరు పెట్టారు. ఆవిడ పట్టించుకోలేదు. ఏ రోజువి ఆ రోజే కడగడం, ఆరబెట్టడం, ఉప్పూ కారం జల్లి వేయించడం. కాస్త నిలవున్నా కోళ్లకే పోసేసేది.

పుల్ల చెంపలు నిండుతుంటే ఒక్కొక్కరే ఆ పొయ్యి చుట్టూ చేరారు. చివరికి మేస్త్రీ కూడా తలుపు చాటున నిలబడి నోరాడిస్తూ దొరికిపోయాడు.

అంతలో తాడు లాగే పోటీ వచ్చింది.

ఏటా ఇటుకల బట్టీ ఆడవాళ్లతో పోటీ. ఏటా కార్ఖానా ఆడవాళ్లే బురదగుంటలో పడేవాళ్లు. "పట్టు తీసేవాళ్లకి పట్టు లేదు" అని ఏడాది పొడవునా అవతలివాళ్ల వెక్కిరింపు.

"ఈసారి ముందు నేను నిలబడతాను," అంది పుల్ల.

మేస్త్రీ ఎగాదిగా చూశాడు. "పడితే?"

"మీరు పంపక్కర్లేదు. నేనే ఇంటికి పోతాను."

పోటీకి వెళ్తూ వెళ్తూ పెద్దమ్మని రమ్మని బతిమాలింది.

"నేను రానే. ఎవరు పడ్డా చూడలేను," అని తల నిమిరి పంపిందావిడ.

బట్టీవాళ్ల నాయకురాలు కొండ. పేరుకి తగ్గ మనిషే. పుల్లని చూసి పకపకా నవ్వింది.

"ఒసేయ్, తాడుకి గాలిపటం కట్టారేంటే!"

ఈల మోగింది.

మొదటి ఊపుకే కార్ఖానా వాళ్లు జరజరా జారిపోయారు. పుల్ల కాలివేళ్లు బురద అంచు దాకా వచ్చేశాయి. పోయిన ఏడు సరిగ్గా ఇక్కడే చేతులు చచ్చుబడ్డాయి. ఇప్పుడూ అలాగే అవుతాయనుకుంది.

అవలేదు.

పిడికిలి ఇంకా బిగిసింది. ఒంట్లో ఎక్కడో అడుగున దాచుకున్న బలం పైకి తన్నుకొచ్చింది.

"లాగండే!" అని అరిచింది. అది తన గొంతేనా అని తనకే ఆశ్చర్యమేసింది.

అడుగు వెనక్కి. ఇంకో అడుగు. కొండ పాదం కదిలింది. కొండే కదిలింది!

ధబ్బుమని బురద తాటిచెట్టంత ఎత్తు లేచింది.

మైదానం దద్దరిల్లింది. మేస్త్రీ టోపీ ఎగరేసి, అది ఎక్కడ పడిందో కూడా చూడకుండా చిందులేశాడు. పుల్లని భుజాల మీదికెత్తి ఊరేగించారు. "పట్టు మాదే! పట్టు మాదే!"

హడావుడి తగ్గాక, బురద కడుక్కున్న మొహంతో కొండ వచ్చింది. పుల్ల జబ్బ పట్టి చూసింది.

"గెలిచావు, ఒప్పుకున్నాను. ఏం తింటున్నావే నువ్వు?"

"పట్టుపురుగులు వదినా," అంది పుల్ల గర్వంగా. "మా వంటావిడ వేయించి పెడుతుంది."

కొండ మొహంలో నవ్వు ఆగిపోయింది.

"ఎడమ కాలు కాస్త ఈడుస్తుందా ఆవిడ?"

"అవును. నీకెలా తెలుసు?"

కొండ ఉన్నచోటే కూలబడింది.

"ఒకప్పుడు నేనూ నీలాగే ఉండేదాన్ని. చెవి మెలేసి మరీ ఈ పురుగులే తినిపించి నన్నింత మనిషిని చేసింది. ఒంట్లో బలం వచ్చాక ఇల్లంతా కంపు కొడుతోందని నలుగురి ముందూ నోరు పారేసుకున్నాను. తెల్లారేసరికి మనిషి లేదు. అప్పట్నుంచీ నేనూ మా ఆయనా వెతకని చోటు లేదు."

పుల్ల చెయ్యి అందించింది. ఒక్క గుంజుతో అంత మనిషినీ లేపి నిలబెట్టింది.

"పద, వంటసాల ఈ పక్క వీధే. ఇంతకీ ఆవిడ నీకేమవుతుంది?"

కొండ చెంగుతో కళ్లొత్తుకుంది.

"మా అత్తగారు."