లెక్క తప్పని డబ్బీ

ఆ ముసలావిడ గడియారాల మేస్త్రిని నలుగురి ముందు నానా మాటలూ అంది. తప్పు మాత్రం ఆవిడదే.

మొదటిసారి వచ్చినప్పుడు మెడలో తాడుకు ఏదో డబ్బీ వేలాడుతోంది. మేస్త్రి బల్లంతా తడుముతున్నాడు.

"కళ్ళజోడు నెత్తి మీదుంది," అందావిడ.

మేస్త్రి కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. థాంక్సు చెప్పలేదు. ఎవరికీ చెప్పే అలవాటు లేదు.

ఆవిడ డబ్బీ తీసి బల్ల మీద పెట్టింది. గుండ్రటి ఇత్తడి డబ్బీ. అద్దం కింద మూడు ముళ్ళు. మూడూ మూడు దిక్కులు చూస్తున్నాయి.

"కీ ఇస్తే జారిపోతోంది. స్ప్రింగు బిగించండి, చాలు."

"ఇదేం గడియారమమ్మా? ఒక్క ముల్లూ సరైన టైము చూపించట్లేదు."

"టైము కోసం కాదు. కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగేదాన్ని. బతుకు లెక్క తప్పిపోదూ? ఈ పెద్ద ముల్లు నేను ఏ రోజులో ఉన్నానో చెబుతుంది, దాన్ని బట్టే ఇంకో రోజుకు పోతాను. ఇది నాకెన్నేళ్ళో చెబుతుంది. ఈ బుల్లిది అన్నం తిన్నానో లేదో చెబుతుంది."

"ఆ సంగతి కడుపు చెప్పదా?"

"ఏం చెబుతుంది, దాని మొహం. ఇక్కడ తిని బయల్దేరతాను. దిగేసరికి అక్కడ వడ్డిస్తుంటారు. వద్దంటే బాగుండదు. ఒకప్పుడు వరసబెట్టి మధ్యాహ్నాలే తగిలాయి. అప్పుడొచ్చిందే ఈ ఒళ్ళు."

మేస్త్రికి విషయం అర్థమైంది. ఈవిడకు పిచ్చి. పిచ్చివాళ్ళ గడియారాలు కూడా గడియారాలే కనక భూతద్దం కంటికి తగిలించుకున్నాడు.

కొట్టు వెనకే ఇల్లు. మధ్యలో తెర. తెర అవతలి నుంచి గొంతు వినిపించింది.

"ఎవరండీ వచ్చింది?"

"ఎవరూ లేరు, పడుకో."

"మరి మాట్లాడుతున్నదెవరితో? గోడతోనా? గోడ మాత్రం ఎన్నాళ్ళు వింటుంది, పాపం."

ముసలావిడ నవ్వబోయి ఆగిపోయింది. బల్ల అంచు పట్టుకుంది.

"మీ ఆవిడా?"

"ఆఁ. నెలలు నిండాయి."

"ఒక్కసారి చూసి, రెండు మాటలు మాట్లాడి పోతాను. వచ్చిందే అందుకు."

"మీరెవరు?"

"చెబితే నమ్మరు."

"అయితే చెప్పకండి. ఇప్పుడు పడుకుంది. రేపు పొద్దున రండి, ఇక్కడే కూర్చుని ఉంటుంది."

"రేపు ఉంటుందిగా?"

"ఉండక ఎక్కడికి పోతుంది?"

"సరే. నాకు రేపంటే ఎంతసేపు. ముళ్ళు మాత్రం కదపకండి."

మేస్త్రి స్ప్రింగు బిగించాడు. ఆవిడ తెర వైపే చూస్తోంది.

ఆ కొట్టులోంచి ఏ గడియారమూ తప్పు టైముతో బయటికి పోలేదు. అది మేస్త్రి పద్ధతి. గోడ గడియారం వైపు ఒకసారి చూసి, మూడు ముళ్ళనూ లాక్కొచ్చి ఆ టైము మీదే నిలబెట్టి, మూత బిగించాడు.

ఆవిడ డబ్బీ వైపు చూడకుండానే మెళ్ళో వేసుకుని మెట్లు దిగింది.

మళ్ళీ మెట్లెక్కేసరికి మేస్త్రి కాలితో ఉయ్యాల ఊపుతూ చేత్తో వాచీ విప్పుతున్నాడు. బల్ల ముందు జనం ఉన్నారు.

"రేపన్నారుగా, వచ్చేశాను. లేచిందా?"

"మీ రేపు రావడానికి నెలలు పట్టిందమ్మా. మా ఆవిడ కాన్పులో పోయింది."

ముసలావిడ అప్పుడు చూసుకుంది డబ్బీని.

"కదపొద్దన్నానా, లేదా? నీ గోడ గడియారంతో నాకేం పనయ్యా? చచ్చేలోగా ఒక్కసారి చూద్దామని వస్తే... నీ పద్ధతి తగలెయ్య. జన్మలో ఒక్కసారైనా ఎవరి మాటైనా విన్నావా?"

"వినలేదు," అన్నాడు వాచీ కోసం నిలబడ్డ ఒకాయన. ఆయన వచ్చి వెళ్ళడం చాన్నాళ్ళుగా నడుస్తోంది.

"మళ్ళీ వెనక్కి పోరాదూ?" అన్నాడు మేస్త్రి వెటకారంగా.

"ఈ డబ్బీకి ఇంటికి చేరే ఓపికే మిగిలింది."

ఆవిడ ఉయ్యాల మీదికి వంగి చూసింది. పిల్లను ముట్టుకోలేదు.

"గుడ్డ తడిసింది. చూసుకో," అని వెళ్ళిపోయింది.

పిల్ల ఆ బల్ల దగ్గరే పెరిగింది. పని నేర్చింది. మేస్త్రి చేతులు వణకడం మొదలయ్యాక కొట్టు తనే చూసుకుంది. ఒకరోజు ఇత్తడి డబ్బీ ఒకటి తెచ్చి తండ్రి ముందు పెట్టింది. ముళ్ళింకా బిగించలేదు.

"ఇదేమిటే?"

"కాలంలో తిరిగేటప్పుడు బతుకు లెక్క తప్పకుండా. పూర్తయ్యేసరికి ముసల్దాన్నవుతానేమో. అయినా సరే, అమ్మను ఒక్కసారి చూసి రావాలి."

మేస్త్రి డబ్బీని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దారిలో పాడైతే ఏ మేస్త్రి చేతికీ ఇవ్వకు," అన్నాడు.

కూతురు నవ్వింది.

"ఎవరికో ఎందుకిస్తాను నాన్నా? అమ్మ ఉన్న రోజుల్లో నువ్వూ ఉంటావుగా. నీ చేతికే ఇస్తాను."

మేస్త్రి నోరు తెరిచాడు. చెప్పాలంటే ముళ్ళు కదిపింది ఎవరో కూడా చెప్పాలి.

నోరు మూసుకున్నాడు. ఆ డబ్బీ మాట బతికుండగా మళ్ళీ ఎత్తలేదు.