చప్పుడు లేని బండి

ఆ రోజు తెల్లారుతూనే యారాడ కొండ మీద మబ్బు నల్లగా కమ్ముకుంది. ఒకే ఒక్క ఉరుము ఉరిమింది. పోర్టు గోడౌన్ల పక్కనున్న ట్రాన్స్‌ఫార్మరు మీద పిడుగు పడి ఠాప్‌మంది. ఆ వెంటనే ఏమీ ఎరగనట్టు ఆకాశం తేటపడి, ఎండ కాసింది.

భీమశంకరరావుకి మాత్రం కళ్ళు చీకట్లు కమ్మాయి.

అతను సరుకుల కంపెనీలో సూపర్‌వైజరు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఓడల్లోంచి దిగిన బస్తాలు చేరవెయ్యడానికి కంపెనీ ఒక బ్యాటరీ బండి కొంది. దానికి పెట్రోలు అక్కర్లేదు, కరెంటు పట్టిస్తే చాలు. ఆ కరెంటు పట్టించే షెడ్డు కట్టించింది ఇతనే. ఇవాళ ప్రారంభం. బెజవాడ నుంచి యజమాని అచ్యుతరామయ్య వస్తున్నాడు.

"అందరి ముందూ బండి దానంతటది షెడ్డులోకి వెళ్ళాలి. అది కదల్లేదో, నువ్వు కదులుతావు, తిరిగి కాకినాడకి," అని ఫోనులో ముందే చెప్పాడాయన.

పొద్దున్నే ఛార్జింగు పెడదామనుకుంటే ఈ పిడుగుకి కరెంటు కాస్తా పోయింది.

ఇన్నాళ్ళూ ఆ బస్తాలు తోలేదీ, షెడ్డుకి ఇటుకా ఇసుకా తోలిందీ తవిటయ్య. పద్మనాభం ఊరివాడు. రెండెడ్ల బండి. ఎడ్ల మెడలో గంటలు సందు మలుపు నుంచే వినబడేవి. పునాదుల నాడు "బాబూ" అనేవాడు. గోడలు లేచేసరికి "బావా" అయిపోయాడు.

ఓ రోజు వెనకగోడ అడుగున వదిలిన రంధ్రం చూసి, "ఈ కంతేటి బావా, ఎలకలకా?" అన్నాడు.

"కరెంటు తీగ అందులోంచే వస్తుంది. బండికి మేత అన్నమాట."

"మేత సరే. మరి పేడెక్కడేత్తాది?"

కూలీలంతా పగలబడి నవ్వారు. భీమశంకరరావుకి ఉక్రోషం వచ్చింది.

"నవ్వు, నవ్వు. బండి రానీ, నీ ఎడ్లకి పింఛనే!"

"సూద్దారి బావా. నా ఎడ్లు పిలిస్తే పలుకుతాయి. నీ బండి పలుకుతాదేటి?"

ఇప్పుడా బండి గేటు దగ్గర నిలబడి ఉంది. "ఛార్జి ఎంతుందయ్యా?" అని డ్రైవరు గవర్రాజుని అడిగాడు భీమశంకరరావు.

గవర్రాజు మీటరు కేసి చూశాడు, తల గోక్కున్నాడు. "అడుగున కాస్త ఉందండి. షెడ్డు దాకానే కదా, లాక్కొస్తుందిలెండి. మీరు స్టేషనుకెళ్ళి పెద్దాయన్ని తీసుకురండి."

పక్కనే ఉన్న తవిటయ్య ఈసారి వెటకారం ఆడలేదు. ఎడ్లని తోలుకుని ఎటో వెళ్ళిపోయాడు. తన పొట్ట కొట్టే బండిని కళ్ళారా చూడలేక కాబోలు అనుకున్నాడు భీమశంకరరావు.

అచ్యుతరామయ్యని కారులో తీసుకొచ్చేసరికి గేటు నుంచి షెడ్డు దాకా పెళ్ళిపందిరిలా ఉంది. బండి మూతికి ఒక బంతిపూల దండ కట్టారు. మణికట్టంత లావు. అది నేల మీదుగా తిన్నగా షెడ్డు లోపలి చీకట్లోకి పోయింది. కూలీల మేస్త్రి పైడితల్లి వంగి ఇంకా పూలు గుచ్చుతోంది.

"ఇదేంటి పైడితల్లీ?"

"మా దేశాన కొత్త బండిని పూలదండట్టుకునే లోనికి తోలతారు బాబూ. కొత్త కోడలు గదేటి!"

గోదావరి వైపు ఇలాంటిది ఎక్కడా చూడలేదు. ఒక్కో ఊరిది ఒక్కో ఆచారం కదా అని ఊరుకున్నాడు. అచ్యుతరామయ్యకి మాత్రం తెగ నచ్చేసింది.

"అయితే నేనూ ఎక్కుతానయ్యా!" అని పంచె ఎగ్గట్టి గవర్రాజు పక్కన కూర్చున్నాడు.

ఉన్నదే అడుగంటిన ఛార్జి. పైన పెద్దాయన బరువొకటి. భీమశంకరరావు మనసులోనే సింహాద్రప్పన్నకి దణ్ణం పెట్టుకున్నాడు.

కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పైడితల్లి షెడ్డు కేసి తిరిగి, కొండలు అదిరేలా అరిచింది:

"గోయిందా!"

బండి కదిలింది!

నిమ్మకాయలు ఫట్‌ఫట్‌మన్నాయి. దండ ముందు, బండి వెనక. పొగ లేదు, రొద లేదు. కూలీలు ఈలలు వేశారు. ఎవరో బుట్ట వాయించారు, ఎవరో చిందేశారు. భీమశంకరరావు బండి పక్కనే చప్పట్లు కొడుతూ పరిగెత్తాడు. చెప్పు ఊడిపోయినా చూసుకోలేదు.

"చప్పుడే లేదయ్యా!" అచ్యుతరామయ్య చిన్నపిల్లాడిలా కేరింతలు కొట్టాడు. "ఎన్ని హార్సుపవరు?"

"రెండండి," అన్నాడు గవర్రాజు, ముందుకే చూస్తూ.

"రెండింటికే ఇంత బలమా!"

బండి సాఫీగా షెడ్డులోకి వెళ్ళి, గోడకి జానెడు దూరంలో ఆగింది. అచ్యుతరామయ్య దిగి, భీమశంకరరావు భుజం తట్టాడు.

"భేష్! ఇక కాకినాడ మాట మరిచిపో. రేపట్నుంచి ఆ ఎడ్లబండి మానిపించెయ్."

"అలాగేనండి!" అనేశాడు, ఆ ఊపులో.

గోడౌనులో భోజనాల బంతి వేశారు. పులిహోర, బూరెలు. అందరూ ఉన్నారు. తవిటయ్య లేడు. గంటల చప్పుడూ లేదు. భీమశంకరరావు ఎత్తిన ముద్ద దించేశాడు. రెండు విస్తళ్ళ నిండా పెట్టించుకుని వెతకడానికి లేచాడు. "బాధపడకు బావా, నీకింకో పని చూస్తాను," అన్న మాట దారి పొడుగునా మననం చేసుకున్నాడు.

తవిటయ్య షెడ్డు వెనక ఎడ్ల పక్కన కూర్చుని ఉన్నాడు. వాటి గంటలు విప్పి, తుండులో మూటకట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.

భీమశంకరరావు అక్కడే కూలబడి ఒక విస్తరి అతని ముందుకి జరిపాడు. రెండో దానిలోంచి బూరెలన్నీ ఏరి ఎడ్ల ముందు పెట్టాడు. ఇద్దరు మనుషులూ రెండు ఎడ్లూ తినడం మొదలుపెట్టారు.

ఎడ్ల మెడ మీది కాడికి కట్టిన ఓడతాడు, నలిగిన బంతిపూలతో సహా, వెనకగోడ కంతలోంచి ఇంకా వేలాడుతోంది.