దిండు అడిగిన పేరు

మెదడులో గడ్డ తీయించుకున్న ప్రతివారికీ ఇప్పుడు ఆస్పత్రివాళ్లు మాట్లాడే దిండు ఇచ్చి పంపుతున్నారు. గడ్డ మళ్లీ తలెత్తితే అదే ముందు కనిపెడుతుందట. అమలాపురంలో సత్యవేణి నిద్ర లేవగానే దిండు వారమూ ఊరూ అడిగింది. ఆవిడ టకటకా చెప్పేసింది.

"మీ భర్త పేరు?"

"ఆయనేనండి, వసారాలో పేపరు చదువుతున్నారే!"

"పేరు చెప్పండి."

"మా పెద్దాడి నాన్నగారండి."

దిండు ఎర్రగా వెలిగింది. "జ్ఞాపకం తప్పింది. అంబులెన్సు బయల్దేరింది."

భర్త పరుగెత్తుకొచ్చాడు. "గవర్రాజు! నా పేరు గవర్రాజు!"

"మీరు అందించకూడదు," అంది దిండు.

"చెప్పెయ్యవే, నిన్ను తీసుకుపోతారు!"

"నా నోటితో చెబితే మీ ఆయుష్షు తగ్గిపోదండీ? నలభై ఏళ్లలో ఒక్కసారైనా పలికానా?"

వీధి మొదట్లో సైరన్ మోగింది. సత్యవేణి కళ్లు గట్టిగా మూసుకుని, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, "గవర్రాజు... గారు" అంది.

దిండు పచ్చగా మారింది. "అంతా బాగుంది."

అంబులెన్సు వెనక్కి తిరిగింది. ఆవిడ సిగ్గుతో వంటింట్లోకి పారిపోయింది. గవర్రాజు మాత్రం దిండు పక్కన చతికిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"రేపు కూడా ఇదే అడుగుతావా, తల్లీ?"