ఒక్క స్టార్

జోజిబాబు మామిడి వ్యాపారాన్ని చెడగొట్టింది ఒక ఆడమనిషి. ఇది తేలిపోయిన విషయం. రెడ్డిగూడెం దగ్గర అతనికి తోట ఉంది. తోటకు ఇంటర్నెట్‌లో పేజీ ఉంది. పేజీ మీద ఆమె వేసిన ఒక్క స్టార్ ఉంది.

పేరు ఉండాల్సిన చోట ‘గాడ్ ఈజ్ గ్రేట్’ అని ఉంది. ఫోటో ఉండాల్సిన చోట గులాబీ. దాని కింద ఈ రాత:

‘పళ్లకు వంక లేదు. మనిషికే. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఒక ముక్క కోసి, తిని చూడు అని చేతికివ్వలేదు.’

హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన కిరణ్ కుమార్ దాన్ని గట్టిగా చదివాడు. చిన్న వ్యాపారాలను ఆన్‌లైన్‌లో పైకి తేవడం అతని వ్యాపారం. అది ఇంకా పైకి రాలేదు.

“ముక్క కోసివ్వకుండా బంగినపల్లి ఎవరమ్ముతారు బాబాయ్ గారూ? రోడ్డు పక్కన కుప్ప పోసుకున్నవాడు కూడా బేరానికి ముందు చాకు తీస్తాడు.”

“అందరికీ కోసే ఇస్తాను.”

“మరి ఇది రాసినవాళ్లకి?”

“అదెప్పుడూ అడగలేదు.”

“ఆడమనిషేనని ఎలా తెలుసండీ?”

“రాత చూస్తే తెలీదా?”

కిరణ్ పనిలో దిగాడు. జోజిబాబు చేత పండు పట్టించి, చెంపకు ఆనించి, నవ్వమన్నాడు. జోజిబాబు నవ్వలేదు. కిరణ్ ఫోన్‌లో ఏదో నొక్కి ఫోటోలోనే పెదాలు సాగదీశాడు. ఆ ఫోటోలో మనిషిని ఊళ్లో ఎవరూ గుర్తుపట్టలేదు.

తర్వాత స్టార్లు. విజయవాడలో ఉన్న స్నేహితులందరి చేతా ఐదేసి వేయించాడు. వాళ్లెవరూ తోట చూసింది లేదు, పండు తిన్నది లేదు. ఒకడు ‘రూములు నీట్‌గా ఉన్నాయి’ అని రాశాడు. ఇంకొకడు పార్కింగ్‌ను మెచ్చుకున్నాడు.

ఆ ఒక్క స్టార్ కింద జోజిబాబు పేరుతో కిరణే జవాబు రాశాడు. ‘గౌరవనీయులైన కస్టమర్ గారికి, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. దయచేసి మరొక్కసారి మా తోటకు రండి. ఈసారి ఏ లోటూ రానివ్వం.’ చివర దణ్ణం పెట్టే చేతుల బొమ్మ పెట్టాడు.

“దీన్నే క్లయింట్ రిలేషన్‌షిప్ అంటారు బాబాయ్ గారూ.”

జోజిబాబు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. “రాదు,” అన్నాడు.

“వస్తారండీ. కస్టమర్ కోపం ఎన్నాళ్లుంటుంది?”

“దానికి ఉంటుంది.”

“పోనీ ఈ పేజీ పీకేసి కొత్తది పెడదాం. ఆ స్టార్ కూడా దాంతోనే పోతుంది.”

“పేజీ జోలికి పోకు.”

“ఎందుకండీ?”

“వద్దన్నాను.”

పెద్దవాళ్లకు అటక మీది సామాను మీద పుట్టినట్టే ఇంటర్నెట్ పేజీ మీద కూడా మమకారం పుడుతుందని కిరణ్ ఆ రోజు తెలుసుకున్నాడు.

కాయ కోతకొచ్చే వేళకు హైదరాబాద్ నుంచి హాసిని అనే అమ్మాయి ఫోన్ చేసింది. అపార్ట్‌మెంట్లకు పళ్లు పంపే కంపెనీ తరఫున కొంటుంది. తోట మొత్తం తీసుకుంటానంది. ఆమె తీసుకోకపోతే కాయంతా కమిషన్ కొట్టుకు పోవాలి. అక్కడ ధర చెప్పేది పండించినవాడు కాదు. ఈసారి కూడా అదే గతి పడితే చెట్లు కొట్టించి పామాయిల్ వేస్తానని జోజిబాబు ముందే అన్నాడు.

“మీ పేజీ చూశానండీ,” అంది హాసిని స్పీకర్‌లో. “ఐదు స్టార్లవన్నీ అబద్ధాలు. మీ పండు నిజంగా తిన్న మనిషి ఒక్కరే కనిపించారు.”

కిరణ్ దగ్గాడు.

“పళ్లకు వంక లేదని ఆవిడే రాశారు, అది చాలు నాకు. మీతో పేచీ ఏంటో తెలియాలి కదా. ఒక్క నిమిషం ఆవిడతో మాట్లాడించండి. కోపం పోయిందంటే రేపే లారీ పంపిస్తాను.”

ఫోన్ పెట్టేయగానే కిరణ్ తేలికపడ్డాడు.

“దీనికేముందండీ. మా ఆవిడ షీబా చేత మాట్లాడిస్తాను. ఇంట్లో నన్ను తిట్టే గొంతుతోనే మొదలుపెట్టి, ఆఖర్లో కరిగిపోతుంది. బాబాయ్ గారు ముక్క కోసిచ్చారు, కోపం పోయింది అంటుంది. హైదరాబాద్‌లో ఎవరికి తెలుస్తుంది?”

“వద్దు.”

“అబద్ధమనా? రూములు నీట్‌గా ఉన్నాయన్నప్పుడు ఊరుకున్నారుగా.”

“దాని తరఫున ఎవరూ మాట్లాడక్కర్లేదు.”

“అయితే మీరే వెళ్లి ఒక్క సారీ చెప్పండి. ఎక్కడుంటారావిడ?”

“ఊళ్లోనే. చర్చి వెనకాల.”

“అంత దగ్గరా? నడిచి వెళ్లిరావచ్చు కదండీ.”

“నా మొహం మీద అనాల్సిన మాట లోకానికంతా చెప్పింది. నేను సారీ చెప్పను.”

హాసిని ఆర్డర్ చింతలపూడి వైపు ఇంకో తోటకు వెళ్లిపోయింది. ఆ తోటకు పేజీయే లేదు.

కమిషన్ కొట్టుకు కాయ లోడవుతుంటే కిరణ్ వచ్చి లారీ పక్కన నిలబడ్డాడు. ఇన్నాళ్ల కష్టం వృథా అయిన కసి అతని మొహంలో కనిపిస్తోంది.

“నాకర్థం కాదు బాబాయ్ గారూ. పేజీ తీయనివ్వరు. ఇంకొకరి చేత మాట్లాడించనివ్వరు. మీరెళ్లి బతిమాలరు. ఒక్క ఆడమనిషి మీద పంతంతో పంటంతా పారబోస్తున్నారు. రేపు చెట్లు కూడా కొట్టించేస్తారు. అసలు ఎవరండీ ఆవిడ, అంత గొప్ప కస్టమరు?”

“అది రాసింది మా ఆవిడ, రాసిన వేసవిలోనే చనిపోయింది, ఇంక ఈ మాట నా నోట రాదు,” అని జోజిబాబు లారీ ఎక్కాడు.