దండెం చివర పసుపు చున్నీ

"దీపాలు పెట్టాక బట్టలు దండెం మీద ఉంచకూడదని ఎన్నిసార్లు చెప్పాలే?" అని తల్లి ఇందిరాదేవి ఇంకా అరుస్తూనే ఉంది.

"వెళ్లక్కా, నీ వంతేగా!" అన్నాడు అభిరామ్, టీవీ ముందు నుంచి కదలకుండా.

"నీ ప్యాంట్లు నువ్వే తెచ్చుకోవచ్చుగా, మహారాజా!" అని విసుక్కుంటూ బిందు మేడెక్కింది.

మేడ మీది గదికి తాళం వేసి ఉంది. అందులో కిరాయికుండే భిక్షపతి దంపతులు కూతురిని వెతుకుతూ ఊళ్లు పట్టుకుని తిరుగుతున్నారు. పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్ కోచింగుకని వెళ్లిన విజయశ్రీ తిరిగి రాలేదు. విజ్జీ అని పిలుచుకునే ఆ పిల్లంటే బిందుకి ప్రాణం.

బట్టలు తీస్తుంటే టప్, టప్ మని చప్పుడు వినిపించింది. ఎండిన బట్టల చివర ఒక పసుపు చున్నీ నీళ్లోడుతోంది. విజయశ్రీ ఆ రోజు వేసుకెళ్లిన చున్నీ అది. కొస తీగకు ముడేసి ఉంది. "క్లిప్పులెందుకే, ముడేస్తే ఎటు పోతది?" అనేది విజయశ్రీ.

బిందు దాన్ని ముట్టుకుంది. అప్పుడే పిండినట్టు సబ్బు వాసన వేసింది. తాళం వేసిన గది లోపల ఎవరో కుళాయి కట్టేశారు.

బిందు కిందికి వచ్చింది. టీవీ ఆపి, అందరూ తన వైపు చూసేదాకా ఆగి, మెల్లగా చెప్పింది.

"ఇవాళ నేను పైన పడుకుంటాను. విజ్జికి ఒంటరిగా ఉండాలంటే భయం."