తేనెరంగు కుర్చీ

ఇప్పుడు ఊళ్లో ఎవరూ చెక్క కుర్చీలు కొనడం లేదు. వరిగడ్డిలో పుట్టగొడుగు విత్తనం చల్లి ఇంట్లోనే కుర్చీలు పెంచుకుంటున్నారు. రోజూ ఎవరు కూర్చుంటే వాళ్ల ఒంటికి తగ్గట్టు ఆ కుర్చీ ఒదుగుతుంది.

కనకరత్నం, ఆమె తోడికోడలు హైమ ఒకే గడ్డితో చెరొకటి పెంచారు. హైమది తేనెరంగు తేలింది. కనకరత్నానిది పిడకలా తయారైంది.

"నీదే మెత్తగా ఉందక్కా," అంది హైమ.

అది వెక్కిరింపే అనుకుంది కనకరత్నం. హైమ పొద్దున్నే డ్యూటీకి వెళ్లగానే తేనెరంగు కుర్చీలో కూర్చుని కూరలు తరిగేది. సాయంత్రం హైమ ఇల్లు చేరాక తను కొట్టుకు వెళ్లేది.

ఒక ఆదివారం హైమ నడుం పట్టుకుని లేచింది. "ఏంటో అక్కా, నా కుర్చీ నాకే పడట్లేదు."

కనకరత్నం లోలోపల నవ్వుకుంటూ, చాన్నాళ్లకు తన కుర్చీలో వాలింది. వెన్నులో గుచ్చుకుంది. ఎడమ చేతివైపు మోచెయ్యి ఆనేచోట లోతుగా గుంట పడి ఉంది. ఆ ఇంట్లో ఎడమచేతి వాటం హైమ ఒక్కదానిదే.

కనకరత్నం భగ్గుమని లేచింది. "నేను కొట్టుకెళ్లగానే నా కుర్చీ ఎక్కుతున్నావా? ఒకళ్ల కుర్చీలో కూర్చోడానికి సిగ్గుండాలే!"

ఆయాసంతో వెనక్కి చూడకుండా కూలబడింది. తేనెరంగు కుర్చీ ఆమెను వెంట్రుకవాసి సందు లేకుండా పొదువుకుంది.

హైమ చూస్తూనే ఉంది.