సైరన్

"ఏయ్! ఎవరక్కడ కూర్చుంది? లేవండి, లేవండి! ఒళ్ళు వంగదేం మీకు?"

చొక్కాల మూట మీద అప్పుడే కూలబడిన చిట్టి ఉలిక్కిపడి లేచింది. పాపం, దానికి ఏడో నెల.

చొక్కాలు మడతపెట్టే ఆ గదిలో ఎవరూ కూర్చోకూడదు. అది యజమాని పెట్టిన రూలు. కూర్చుని దొరికితే మర్నాటి నుంచి పని ఉండదు.

మెట్ల దగ్గర నిలబడి గోడలు అదిరేలా అరిచే సూపర్‌వైజరుకు ఆడవాళ్ళు ముద్దుగా పెట్టుకున్న పేరు సైరన్. ఆవిడ ఎవరితోనూ కలిసేది కాదు. టీ కూడా గోడకేసి తిరిగే తాగేది.

కాసేపటికి యజమాని వచ్చాడు. అందరినీ ఓసారి ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు.

"దీన్నే అణచివేత అంటారే," అంది పంతులమ్మ. గదిలో నాలుగు ముక్కలు చదువుకున్నది తనే కాబట్టి ఆ పేరు.

"అంటే ఏంటక్కా?"

"పైనున్నవాళ్ళు కిందున్నవాళ్ళని లేవనివ్వకపోవడం."

"మనల్ని కూర్చోనివ్వట్లేదు కదక్కా!" అంది చిట్టి.

అందరూ పడీపడీ నవ్వారు. నవ్వాక కోపం వచ్చింది. ఆ ఊపులోనే కొంగులు బిగించి యజమాని దగ్గరికి వెళ్ళారు.

"ఆ సూపర్‌వైజరు చేసేది అణచివేత సార్!" పంతులమ్మ ఆ మాటను నోరారా వాడింది.

"చూద్దాం," అన్నాడు యజమాని తలెత్తకుండా.

రూలు పెట్టినాయన ముందు నిలబడి, రూలు అరిచినావిడ మీద ఫిర్యాదు చేసొచ్చారు పిచ్చితల్లులు!

కొద్దిరోజులకే సైరన్ కనిపించడం మానేసింది. గెలిచామని అందరూ ఒకరినొకరు వాటేసుకున్నారు.

కొత్తగా వచ్చిన సూపర్‌వైజరుకు అరవడమే తెలీదు. మాట్లాడితే తేనె కారేది.

"కాళ్ళు వాచిపోయాయి కదమ్మా, కాసేపు కూర్చో తల్లీ," అంటూ చిట్టికి మూట తనే జరిపింది. ఎంత మంచిదో అనుకుంటూ చిట్టి హాయిగా కూర్చుంది.

సాయంత్రానికల్లా చిట్టి పేరు యజమాని చెవిన పడింది. రేపట్నుంచి రావద్దన్నారు.

చిట్టి ఏడుపు చూడలేక అందరూ మళ్ళీ ఆయన గదికి పరిగెత్తారు.

"మేం చెప్పామనే కదా సార్, ఆ అరిచే ఆవిణ్ణి తీసేశారు! ఈ ఒక్కసారి కూడా మా మాట వినండి. కడుపుతో ఉన్న పిల్ల సార్," పంతులమ్మ చేతులు జోడించింది.

"మీరు చెప్పారనా?" యజమాని నవ్వాడు. "నేను మెట్లెక్కేలోపే అరిచి మిమ్మల్నందర్నీ లేపేసేది, కూర్చున్నదెవరో చెప్పమని ఎంత గద్దించినా ఒక్కదాని పేరూ బయటపెట్టలేదు, అందుకే పొమ్మన్నాను."